హోసూరు–కృష్ణగిరి సీమలో పాత జీపుల బాడీ పునరుద్ధరణ

పాత జీపును మళ్లీ నిలబెట్టాలంటే అన్నిటికన్నా ఎక్కువ కాలం పట్టేది బాడీ పని. చాసిస్ మీద బోల్టులతో బిగించిన రేకు బాడీని దించాలి. తుప్పు తినేసినంత మేర కోసి కొత్త రేకు అతకాలి, సొట్టలు తీయాలి, రంగు వేసి మళ్లీ ఎక్కించాలి. షెడ్డుల్లో దీన్ని టింకరింగ్ అంటారు. ఇంజను, గేర్‌బాక్సు మెకానిక్కుకు అప్పగించినా బాడీ పని మాత్రం సొంత పెరట్లో చేసుకోవచ్చు. అందుకు బండి నిర్మాణమే అనుకూలం. ఇప్పటి కార్లలో బాడీయే బరువు మోస్తుంది కాబట్టి ఒకచోట కోస్తే బండి మొత్తం వంకర తిరిగే ప్రమాదం ఉంటుంది. జీపులో ఆ బరువు నిచ్చెన ఆకారపు చాసిస్ మోస్తుంది. బాడీ దానిమీద కూర్చున్న తొట్టి మాత్రమే. దాని రేకులు చాలావరకు చదునుగా ఉంటాయి, వంపులు తక్కువ. బానెట్, మడ్‌గార్డులు, అద్దం ఫ్రేము, వెనక తలుపు విడివిడిగా ఊడివస్తాయి. మిగిలిన తొట్టిని నలుగురైదుగురు పట్టుకుంటే పైకి లేస్తుంది.

ఈ దారుల్లో తిరిగిన బండ్లు

రెండో ప్రపంచ యుద్ధం కోసం అమెరికాలో 1941 నుంచి తయారైన విల్లీస్ ఎంబీ ఈ కుటుంబానికంతటికీ మూలం. యుద్ధం ముగిసిన 1945లోనే విల్లీస్ కంపెనీ దాన్ని రైతుకు పనికొచ్చే బండిగా మార్చి సీజే-2ఏ పేరుతో అమ్మకానికి పెట్టింది. మన దేశంలో 1945లో మొదలైన మహీంద్రా సంస్థ 1947లో విల్లీస్ జీపుల్ని తెచ్చింది. విడిభాగాలు దిగుమతి చేసుకుని బిగించడంతో మొదలుపెట్టి, క్రమంగా ఇక్కడే తయారుచేయడం నేర్చుకుంది. వాటిలో ఎక్కువకాలం నిలిచిన రూపం సీజే-3బీ. విల్లీస్ దీన్ని 1953లో తెచ్చింది. అప్పటి కొత్త ఇంజనులో లోపలికి గాలి పీల్చే వాల్వులు తలభాగంలోకి వచ్చాయి. దాంతో ఇంజను ఎత్తు పెరిగింది, బానెట్‌నూ ఎత్తు చేయాల్సి వచ్చింది. మన ఊళ్లలో జీపు అనగానే కళ్లముందు నిలిచే ఆ ఎత్తు ముక్కు అలా వచ్చిందే. అమెరికాలో ఈ మోడల్ 1968లో ఆగిపోయినా ఇక్కడ దాని సంతతి దశాబ్దాలపాటు సాగింది. 1980 దశకంలో ప్యూజో డీజిల్ ఇంజనుతో వచ్చిన ఎంఎం540, ఆ తర్వాతి ఎంఎం550, కమాండర్, మేజర్ అన్నీ ఆ ఇంటివే.

సైన్యం నుంచి వేలంలో బయటికొచ్చే జోంగాలది వేరే వంశం. నిస్సాన్ ప్యాట్రోల్ బండి ఆధారంగా జబల్‌పూర్ వెహికల్ ఫ్యాక్టరీ 1969 నుంచి 1999 దాకా వాటిని తయారుచేసింది. వాటి రేకు మందం, బరువు ఎక్కువ. విడిభాగాలు దొరకడం మాత్రం కష్టం. 1985 డిసెంబరులో వచ్చిన మారుతి జిప్సీ ఈ గుంపులో చిన్నది, తేలికైనది. 1996లో వచ్చిన జిప్సీ కింగ్‌లో 1.3 లీటర్ల ఇంజను అమర్చారు. జిప్సీకీ చాసిస్ విడిగానే ఉంటుంది కానీ బాడీ రేకు జీపుకన్నా పలుచన. కాబట్టి జీపు రేకు మీద చెయ్యి తిరిగినవారు కూడా జిప్సీ దగ్గర వెల్డింగు వేడి తగ్గించుకోవాలి. ఇంగ్లండులో 1948 నుంచి వచ్చిన ల్యాండ్‌రోవర్ల సంగతి ఇంకో తీరు. వాటి పై రేకులు అల్యూమినియం మిశ్రలోహం, ఇంజను వెనక అడ్డుగోడ ఇనుము. రెండు లోహాలు తాకేచోట తడి చేరితే అల్యూమినియం తెల్లటి పొడిలా రాలిపోతుంది. ఇక్కడ చెప్పే తుప్పు వైద్యం దానికి పనికిరాదు.

సీమ స్వభావం

హోసూరు, డెంకణికోట, తళి, బాగలూరు, బేరికె, సూళగిరి, వేపనపల్లి ఊళ్లున్న ఈ ప్రాంతాన్ని తెలుగువాళ్లు మొరసునాడుగా ఎరుగుదురు. తమిళనాడులో ధర్మపురి నుంచి విడిపడి 2004 ఫిబ్రవరి 9న ఏర్పడిన కృష్ణగిరి జిల్లాకు ఒకవైపు ఆంధ్రలోని కుప్పం, ఇంకోవైపు కర్ణాటకలోని ఆనేకల్ ఉన్నాయి. షెడ్డులో తెలుగు, తమిళం, కన్నడం కలగలిసి వినిపించడం ఇక్కడ మామూలే.

జీపు బాగుచేసేవారికి ఈ సీమలో ఉన్న వసతి మామూలు పల్లెపట్టులో దొరకదు. హోసూరులో 1980లో టీవీఎస్ మోపెడ్ల తయారీ మొదలైంది. అశోక్ లేలాండ్ కర్మాగారమూ ఆ కాలంలోనే వచ్చింది. సిప్‌కాట్ పారిశ్రామిక వాడల్లో వీటి చుట్టూ రేకు కత్తిరించే, వంచే, ప్రెస్సు కొట్టే చిన్న యూనిట్లు పెరిగాయి. పాత అడుగు రేకు కొలతలు అట్టముక్క మీద గీసి తీసుకెళ్తే, ఆ కొలతకు కోసి అంచులు వంచి ఇచ్చేవాళ్లు ఊళ్లోనే ఉంటారు. ఇంట్లో సుత్తితో కొట్టి తెచ్చే వంపుకన్నా ప్రెస్ బ్రేక్ మీద వంచిన అంచు తిన్నగా ఉంటుంది. ఆ ఒక్క పని బయట చేయించుకోవడంలో తప్పేమీ లేదు. విడిభాగాలకు సుమారు 40 కిలోమీటర్ల దూరంలోని బెంగళూరు ఉంది. కొత్త సామానుకు అక్కడి జె.సి. రోడ్డు, పాత సామానుకు శివాజీనగర్ గుజిరీ అంగళ్లు పేరుపడ్డాయి.

వాతావరణం కొంత మేలు చేస్తుంది, కొంత కీడు చేస్తుంది. సముద్రపు ఉప్పుగాలి లేదు కాబట్టి చెన్నై బండ్లతో పోలిస్తే ఇక్కడి చాసిస్‌లు గట్టిగా మిగులుతాయి. కానీ నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ ఇక్కడ తడుపుతాయి. దుక్కి నేలల్లో తిరిగిన బండి అడుగున మట్టి గడ్డకట్టి, ఎండాకాలం దాకా తేమను పట్టి ఉంచుతుంది. ఎరువుల బస్తాలు మోసిన బండయితే వెనక అడుగు రేకును మరింత అనుమానంగా చూడాలి. ఆ లవణాలు తేమను లాగి ఇనుమును త్వరగా తినేస్తాయి.

కొనేముందు చూడాల్సినవి

పైన మెరిసే రంగును చూసి బండికి వెలకట్టడం ఈ వ్యవహారంలో జరిగే పెద్ద పొరపాటు. జీపు బాడీ తుప్పు లోపలినుంచి బయటికి వస్తుంది. రంగు పొంగి పొక్కు కనిపించేసరికి దాని వెనక రేకు అప్పటికే జల్లెడైపోయి ఉంటుంది. డ్రైవరు కాళ్ల కింద, బ్యాటరీ పళ్లెం కింద, అద్దం ఫ్రేము అడుగు అంచున, వెనక తలుపు కీళ్ల దగ్గర, మడ్‌గార్డు బాడీని కలిసే గీత వెంట చూడాలి. అన్నిటికన్నా ముఖ్యమైనవి అడుగు రేకు కింద అడ్డంగా వెల్డు చేసి ఉండే టోపీ ఆకారపు పట్టీలు. బాడీ బరువంతా వీటిమీదుగానే చాసిస్‌కు దిగుతుంది. యుద్ధకాలపు విల్లీస్‌లో ఈ పట్టీల లోపల కొయ్య ముక్కలు పెట్టేవారు. ఆ కొయ్య నీళ్లు పీల్చుకుని ఇనుముకు లోపల్నుంచే తుప్పు పట్టించేది. తర్వాతి బండ్లలో కొయ్య లేకున్నా, పట్టీలో చేరిన బురద అదే పని చేస్తుంది.

పరీక్షకు సామాను పెద్దగా అక్కర్లేదు. గుడ్డలో చుట్టిన అయస్కాంతాన్ని రేకు మీద జరుపుతూ పోతే పుట్టీ దట్టంగా ఉన్నచోట పట్టు సడలుతుంది. స్క్రూడ్రైవరు మొనతో పట్టీల అంచులు పొడిచి చూడాలి. గట్టి ఇనుము టంగున మోగుతుంది, చచ్చిన ఇనుము చప్పగా పలికి పొరలు రాలుస్తుంది. అడుగు రేకు మీద తాపడం చేసి కొత్త రేకు పరిచి ఉంటే దాని కింద ఏముందో తేలేదాకా బేరం మాట్లాడకూడదు.

కాగితాలు చూడటం కూడా బాడీ పనిలో భాగమే. సొంత వాహనం రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది. ఆ తర్వాత ప్రతి 5 ఏళ్లకూ తనిఖీ చేయించి పొడిగించుకోవాలి. హోసూరు బండ్లకు టీఎన్ 70, కృష్ణగిరి బండ్లకు టీఎన్ 24 సంఖ్యలు. కర్ణాటక, ఆంధ్ర బండి కొంటే అక్కడి ఆర్‌టీఓ నుంచి ఎన్‌ఓసీ తెచ్చుకుని, ఇక్కడ మళ్లీ రిజిస్టరు చేయించాలి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను ప్రకారం తయారీదారు ఇచ్చిన రూపానికి విరుద్ధంగా బండిని మార్చడం కుదరదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో దీన్ని గట్టిగా చెప్పింది. కాబట్టి పొట్టి జీపును పొడుగు చేయడం, బాడీ ఆకారం మార్చడం పునరుద్ధరణ కిందికి రావు. ఉన్న ఆకారంలోనే చెడిన రేకును మార్చడం మరమ్మతు. రంగు మారిస్తే ఆర్‌సీలో నమోదు చేయించాలి. సైనిక జీపుల మీద మోజున్నవారు తప్పక తెలుసుకోవాల్సింది ఇంకొకటి: కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లోని 121వ నియమం ప్రకారం ఆలివ్ గ్రీన్ రంగు రక్షణ శాఖ వాహనాలకు మాత్రమే. వేలంలో కొన్న జోంగాకైనా ఆ రంగు ఉంచుకోకూడదు.

2021లో వచ్చిన వింటేజ్ వాహనాల నియమాలు 50 ఏళ్లు దాటిన బండ్లకు ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక సంఖ్య ఇస్తాయి. కొత్త రిజిస్ట్రేషనుకు రుసుము 20,000 రూపాయలు, చెల్లుబాటు 10 ఏళ్లు. ఇలాంటి బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు తీసుకెళ్లవచ్చు కానీ రోజువారీ తిరుగుడుకు వాడకూడదు. చాసిస్‌లో, బాడీ గుల్లలో పెద్ద మార్పులు జరగకుండా మొదటి రూపంలో ఉండాలన్నది అందులోని షరతు. ఫిలిప్పీన్స్‌లోని ఎండీ జువాన్ వంటి సంస్థలు విల్లీస్ తొట్టిని కొత్తగా తయారుచేసి ప్రపంచమంతా అమ్ముతున్న ఈ రోజుల్లో, మొత్తం బాడీ మార్చేయడం తేలిక దారిగా కనిపిస్తుంది. అయినా నిలబడగల పాత రేకు ఒక్క అంగుళమున్నా దాన్ని వదులుకోకపోవడమే ఈ పనిలో సరైన పద్ధతి. ఫ్యాక్టరీ వేసిన చుక్క వెల్డులు, రేకు మడతలు, బోల్టు రంధ్రాల వరస, ఇవన్నీ ఆ బండి పుట్టుకకు సాక్ష్యాలు. ఒకసారి గుజిరీకి వెళ్తే అవి మళ్లీ రావు.

విప్పడం, తుప్పు తీయడం

బ్యాటరీ విడదీశాక మొదట తీయాల్సింది పెట్రోలు ట్యాంకు. సీజే జీపుల్లో అది డ్రైవరు సీటు కిందే ఉంటుంది. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకుకన్నా ప్రమాదం, లోపల మిగిలిన ఆవిరి ఒక్క నిప్పురవ్వకు పేలుతుంది. కాబట్టి గ్రైండరు గానీ వెల్డింగు గానీ మొదలుపెట్టకముందే దాన్ని తీసి దూరంగా పెట్టాలి. వైరింగు తర్వాత. ప్రతి భాగాన్నీ విప్పేముందు ఫొటో తీసుకుని, బోల్టుల్ని ఏ భాగానివి ఆ డబ్బాలో వేసి పేరు రాయాలి. విల్లీస్ వారసత్వపు జీపుల్లో అంగుళం కొలత మరలే ఎక్కువ, జిప్సీలో మిల్లీమీటరు మరలు. రెండు రకాల స్పానర్లూ ఉండాలి. పట్టేసిన బోల్టుకు రోజుల తరబడి నూనె పట్టించి, వేడిచేసి, సుత్తితో నెమ్మదిగా తట్టాలి. తలకాయ విరిగితే డ్రిల్లు పెట్టడం తప్పదు.

చాసిస్ సంఖ్య కొట్టిన చోటును గ్రైండరు తాకకూడదు. ఆర్‌టీఓలో పెన్సిలుతో చాసిస్ ప్రింటు తీసేటప్పుడు అంకెలు అరిగిపోయి కనిపిస్తే బండి దొంగదన్న అనుమానం వస్తుంది. ఆ చోటికి మెత్తని బ్రష్షు, రసాయనం చాలు.

పాత రంగు తీయడానికి ఇసుక బ్లాస్టింగు త్వరగా అవుతుంది. కానీ పలుచని రేకు మీద ఒత్తిడి ఎక్కువైతే రేకు సాగి అలలు తేలుతుంది. చాసిస్‌కు బ్లాస్టింగు, బాడీకి వైరు బ్రష్షు, పెయింటు రిమూవరు అన్నది మంచి విభజన. నది ఇసుకతో బ్లాస్టింగు చేసినప్పుడు లేచే సిలికా ధూళి ఊపిరితిత్తుల్ని గట్టిపరిచి మనిషిని తినేస్తుంది. గ్రానైటు క్వారీల జిల్లాలో ఉన్నవారికి ఆ జబ్బు సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు. పాత రంగుల్లో సీసం కూడా ఉండవచ్చు. అందుకే రంగును పొడిగా గీకకుండా తడిపి గీకాలి, పిల్లలు తిరిగేచోట ఈ పని పెట్టుకోకూడదు.

విడిగా వచ్చే చిన్న ఇనుప భాగాలకు బెల్లపు మడ్డి మంచి వైద్యం. ఒక వంతు మడ్డికి ఎనిమిది తొమ్మిది వంతుల నీళ్లు కలిపి, భాగాన్ని వారం నుంచి మూడు నాలుగు వారాలు ముంచి ఉంచితే తుప్పు మాత్రమే కరిగి, మంచి ఇనుము నిలుస్తుంది. కంపు భరించాలి, తీసిన వెంటనే కడిగి ఆరబెట్టాలి. బట్టల సోడా కలిపిన నీళ్లలో బ్యాటరీ చార్జరుతో విద్యుత్తు పంపే పద్ధతి ఇంకా త్వరగా పనిచేస్తుంది. శుభ్రం చేయాల్సిన భాగాన్ని నెగటివుకు, పాత ఇనుప ముక్కను పాజిటివుకు కలపాలి. అక్కడ స్టెయిన్‌లెస్ స్టీలు పెడితే విషపు క్రోమియం నీళ్లలో చేరుతుంది. బుడగలుగా వచ్చే హైడ్రోజన్ మండే వాయువు కాబట్టి ఈ తొట్టి ఆరుబయటే ఉండాలి. తొట్టిలో పట్టని బాడీకి ఫాస్ఫారిక్ ఆమ్లం, టానిక్ ఆమ్లం ఉండే కన్వర్టర్లు దొరుకుతాయి. తోళ్లు పదును చేసే కరక్కాయలో ఉన్న టానిన్ కూడా ఇనుముతో కలిసి అలాంటి నల్లటి పొరనే ఇస్తుంది. ఈ కన్వర్టర్లు పైపొర తుప్పును ఆపుతాయి, చిల్లు పడిన రేకును బతికించవు.

రేకు పని

అడుగు రేకు కోయకముందు చేయాల్సిన పని ఒకటుంది, తొందరలో దాన్నే వదిలేస్తారు. జీపు తొట్టికి పైకప్పు లేదు. పక్క రేకుల్ని నిలువుగా పట్టి ఉంచేది అడుగు రేకే. దాన్ని ఒక్కసారిగా తీసేస్తే పక్కలు లోపలికో బయటికో ఒరుగుతాయి, కొత్త అడుగు వేశాక అద్దం ఫ్రేము కూర్చోదు, వెనక తలుపు మూసుకోదు. అందుకే ముందుగా రెండు మూలల మధ్య కర్ణం కొలతలు రాసుకుని, ఒక పక్కనుంచి ఇంకో పక్కకు యాంగిలు ముక్కలు తాత్కాలికంగా వెల్డు చేయాలి. వీలైతే బాడీ చాసిస్ మీదే బిగించి ఉండగా, ఒకవైపు పూర్తయ్యాక రెండోవైపు కోయాలి.

విల్లీస్ తరహా బాడీకి 18 గేజి మెత్తటి ఉక్కు రేకు, అంటే దాదాపు 1.2 మిల్లీమీటర్ల మందం, సరిపోతుంది. గట్టిగా ఉంటుందని ఇంకా మందపు రేకు వేస్తే బరువు పెరుగుతుంది, పాత రేకుతో కలిసేచోట వెల్డింగు వేడి సమంగా పారదు, పలుచని పాత రేకు కాలి చిల్లులు పడుతుంది. తుప్పు కనిపించినంత మేరే కాకుండా మంచి ఇనుము తగిలేదాకా కోయాలి.

అతుకు రెండు రకాలు. కొత్త ముక్కను పాత రేకు మీద ఎక్కించి చుట్టూ వెల్డు చేస్తే పని త్వరగా అవుతుంది. కానీ రెండు రేకుల నడుమ నీళ్లు చేరి కొన్నేళ్లకు అక్కడే మళ్లీ తుప్పు మొదలవుతుంది. అంచుకు అంచు ఆనించి వెల్డు చేస్తే ఆ బెడద ఉండదు. అందుకు ముక్కను సరిగ్గా కోయాలి, ఓపిక కావాలి. బయటికి కనిపించే పక్క రేకులకు రెండో పద్ధతే తగినది. మామూలు రాడ్డు వెల్డింగు చాసిస్‌కు మంచిదే గానీ ఈ రేకును కాల్చేస్తుంది. 0.8 మిల్లీమీటర్ల తీగతో నడిచే మిగ్ యంత్రం ఇంటి పనికి అనువైనది. వెల్డును ఏకధాటిగా లాగకూడదు. ఒక చుక్క ఇక్కడ పెట్టి, తర్వాతి చుక్క జానెడు దూరంలో పెట్టి, మొదటిది చల్లారాక దాని పక్కకు రావాలి. అలా చుక్కలు పెరిగి పెరిగి గీతవుతాయి. రేకు చేతికి వేడిగా తగిలితే ఆగాలి. గ్రైండరుతో అరగదీసేటప్పుడూ ఇదే జాగ్రత్త, ఆ వేడికీ రేకు వంగుతుంది.

ఫ్యాక్టరీలో చుక్క వెల్డు వేసినచోట్ల, అంటే అడుగు పట్టీలు రేకుకు అతుక్కునేచోట, ఇంట్లో చేయగలిగినది ప్లగ్ వెల్డు. పై రేకులో ఆరు నుంచి ఎనిమిది మిల్లీమీటర్ల రంధ్రం వేసి, కింద పట్టీని బిగించి పట్టి, రంధ్రం మధ్యలో మొదలుపెట్టి అంచుదాకా నింపాలి. మూతపడిపోయే లోపలి ముఖాలకు అంతకుముందే జింకు ప్రైమరు పూయాలి, తర్వాత అక్కడికి బ్రష్షు చేరదు. నునుపు చేశాక ఆ చుక్క ఫ్యాక్టరీ చుక్కలాగే కనిపిస్తుంది.

సొట్టలు తీయడానికి సుత్తి, దాని వెనక ఆనించే ఇనుప దిమ్మె చాలు. సొట్ట నడిమధ్యన మొదటి దెబ్బ వేయకూడదు. సొట్ట చివర మడత పడినచోట మొదలుపెట్టి, లోపలికి వస్తూ, దెబ్బ దెబ్బకూ అరచేతితో తడిమి చూసుకోవాలి. కన్నుకన్నా అరచెయ్యి ఎత్తుపల్లాల్ని ముందు పడుతుంది. సాగిపోయి టప్‌టప్‌మని లోపలికీ బయటికీ ఆడే రేకును చిన్న చుక్కలో ఎర్రగా కాల్చి తడిగుడ్డతో చల్లార్చితే అది కుంచించుకుని బిగుస్తుంది.

పుట్టీ, రంగు

రేకు పని బాగా చేసినవారికి పుట్టీ అవసరం తక్కువ పడుతుంది. మూడు మిల్లీమీటర్లకు మించి పెట్టిన పుట్టీ కొండదారి కుదుపులకు బీటలిస్తుంది. పాలిస్టర్ పుట్టీ తేమను పీలుస్తుంది కాబట్టి పచ్చి ఇనుము మీద కన్నా ఎపాక్సీ ప్రైమరు మీద పెట్టడం మంచిది. నునుపు చేసిన రేకును రాత్రంతా వదిలేయకుండా అదే రోజు ప్రైమరు వేయాలి. చలికాలపు హోసూరు పొగమంచుకు తెల్లారేసరికి రేకు మీద ఎర్రటి పూత తేలుతుంది. రెండు రేకులు కలిసే ప్రతి గీతనూ సీమ్ సీలెంటుతో మూసి, పుట్టీని 80 నంబరు కాగితంతో మొదలుపెట్టి 180, 320 దాకా రుద్ది, ప్రైమరును 400, 600 వాటరు పేపరుతో నీళ్లు పోస్తూ రుద్దాలి.

రంగుల్లో మూడు దారులున్నాయి. పాత కాలపు ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) రంగు వెంటనే ఆరుతుంది, ఇంట్లో తప్పు దిద్దుకోవడం తేలిక. కానీ వానాకాలపు తేమలో స్ప్రే చేస్తే పాలపొర కమ్మినట్టు తెల్లబారుతుంది. ఎనామెల్ రంగు చవక, రేకును బాగా పట్టుకుంటుంది, ఆరడానికి రోజులు పడుతుంది, దుమ్ము అంటుతుంది. పాత ఎనామెల్ మీద ఎన్‌సీ రంగు కొడితే థిన్నరు కింది పొరను లేపి ముడతలు తెస్తుంది. పీయూ (పాలీయురేథేన్) రంగు మెరుపులో, మన్నికలో మిన్న. అయితే దాని గట్టిపరిచే ద్రవంలోని ఐసోసయనేట్లు ఉబ్బసం తెచ్చిపెడతాయి. ముక్కుకు గుడ్డ కట్టుకోవడం దానికి రక్షణ కానే కాదు. బయటి గాలి అందించే ముసుగు లేకుండా ఇంట్లో పీయూ కొట్టకూడదు. ఆ ఒక్క దశను బూత్ ఉన్న పెయింటరుకు అప్పగించడం వివేకం. బ్రాకెట్లకు, సీటు ఫ్రేములకు హోసూరులో పౌడర్ కోటింగు దొరుకుతుంది. పుట్టీ పెట్టిన భాగాన్ని మాత్రం అక్కడికి పంపకూడదు, సుమారు 180 డిగ్రీల పొయ్యి వేడికి పుట్టీ ఉబ్బి ఊడిపోతుంది.

మళ్లీ ఎక్కించాక

తొట్టిని చాసిస్ మీద దించేటప్పుడు బోల్టులన్నీ మొదట వదులుగా వేసి, కొత్త రబ్బరు దిమ్మెలు పెట్టి, అద్దం ఫ్రేము, బానెట్ సరిగ్గా కూర్చున్నాకే బిగించాలి. ఒక మూల ముందే బిగిస్తే బాడీ మెలిపడి, వెల్డు చేసిన గీతల వెంటే రంగు పగులుతుంది. అడుగు పట్టీల్లోకీ పక్క గుల్లల్లోకీ పొడుగు గొట్టంతో మైనపు ద్రవాన్ని చిమ్మాలి. అడుగు రేకులో నీళ్లు దిగే రంధ్రాల్ని సీలెంటుగానీ రబ్బరు మ్యాటుగానీ మూసేయకుండా చూసుకోవాలి. అంచెట్టి వైపు కొండదారుల్లోనో, వాన పడ్డ మామిడి తోటల్లోనో తిరిగి వచ్చిన రోజున బండి పైభాగం కడగకున్నా ఫరవాలేదు. పైపు పట్టుకుని కిందికి వంగి, మడ్‌గార్డుల లోపల, అడుగు పట్టీల కొసల్లో పట్టిన మట్టిని ఆరకముందే కడిగేయాలి.